లా రోక్-గజాక్‌లో మకాం పెట్టి దోర్దోన్ నది ఒడ్డున నాలుగు రోజులు ఎలా తిరగాలి?

ఫ్రాన్స్ వెళ్తున్నాం అనగానే మనవాళ్ళ ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది, పారిస్‌లో మూడు రోజులు, ఈఫిల్ టవర్, సేన్ నదిలో బోటు, కుదిరితే డిస్నీల్యాండ్, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్. మేం తులూజ్‌లో ఉంటాం, అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మేమూ ముందు పారిసే తిప్పాం, ఇద్దరూ ఓపిగ్గానే తిరిగారు గానీ మెట్రో మెట్లు ఎక్కీ దిగీ సాయంత్రానికి నాన్నగారి మోకాళ్ళు పట్టేసేవి. ఆ తర్వాత వారం దోర్దోన్ నది ఒడ్డున లా రోక్-గజాక్ అనే చిన్న ఊళ్ళో నాలుగు రోజులున్నాం. వెళ్ళేటప్పుడు "పల్లెటూళ్ళో చూడ్డానికి ఏముంటుందిరా" అన్న నాన్నగారు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆ ఊరి సంగతే ఎత్తుతారు.

అప్పట్నుంచి తెలిసినవాళ్ళు ఎవరు ఫ్రాన్స్ వస్తున్నా నేను ఈ ఊరి పేరే చెప్తున్నా, అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఎలా వెళ్ళాలో ఏం చూడాలో ఒకచోట వరసగా రాసేస్తున్నా. ముందే ఒక మాట. ఇక్కడ చూడాల్సినవి చాలావరకు ఒకే నదికి అటూ ఇటూ పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్నాయి, అందుకని కారులో ఒక్కో కోట దగ్గర ఆగి ఫోటో తీసుకుని పోయే పద్ధతి పెట్టుకోకండి. నదిని పట్టుకుని తిరగండి. ఒకే కోటని ఒకరోజు నీళ్ళ మీంచి, ఇంకోరోజు ఎదురు కొండ మీంచి, మరోసారి కాలిబాట మీద నడుస్తూ చూస్తే అది మీ మనసులో నిలబడిపోతుంది, ఈ మొత్తం ప్లాన్ దాని కోసమే.

స్టెప్ 1: ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోండి

మే, జూన్, సెప్టెంబర్, ఈ మూడు నెలల్లో ఏదైనా బెస్ట్. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది, రోజు ఎంత సాగుతుందంటే పొద్దున ఒకటి చూసి మధ్యాహ్నం ఇంట్లో కునుకు తీసి మళ్ళీ సాయంత్రం ఇంకోటి చూడొచ్చు. జులై, ఆగస్టు ఫ్రెంచ్ వాళ్ళ సెలవులు, ఊరికి ఉన్నది కొండకీ నదికీ మధ్య ఒక్కటే రోడ్డు, ఆ రోడ్డు మీద కార్లు నత్తల్లా పాకుతుంటాయి, ఎండ కూడా కొన్ని రోజులు 35 డిగ్రీలు దాటేస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా బోట్లూ హోటళ్ళూ చాలావరకు మూసేస్తారు, అయితే మార్కెసాక్ తోట, కాస్తెల్నో కోట మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి.

వీసా సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి పొట్టిగా చెప్తా. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేస్కోవచ్చు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పిల్లల ఇంటికి వచ్చే అమ్మానాన్నలైతే ఇక్కడ ఉన్నవాళ్ళు తమ ఊరి మున్సిపల్ ఆఫీసులో అంటే 'మెరీ'లో ఆతిథ్య పత్రం తీస్కుని పంపాలి, దానికి టైం పడుతుంది కాబట్టి చివరి నిమిషం దాకా ఆగకండి.

స్టెప్ 2: అక్కడికి చేరడం

కారు ఉంటే హాయి. తులూజ్ నుంచి ఏ20 హైవే మీద సూయాక్ దాకా వచ్చి అక్కణ్ణుంచి నది వెంట దిగితే రెండున్నర గంటల్లో అయిపోతుంది. బోర్డో నుంచి కూడా ఇంచుమించు అంతే. పారిస్ నుంచి నేరుగా డ్రైవింగ్ అయితే ఐదారు గంటలు, పిల్లలతో పెద్దవాళ్ళతో అది వద్దు, పారిస్ నుంచి బోర్డోకి టీజీవీ ట్రైన్ రెండు గంటల్లో వస్తుంది, బోర్డో స్టేషన్ దగ్గరే అద్దె కారు తీస్కోండి. కారు వద్దనుకుంటే బోర్డో నుంచి సార్లా అనే టౌన్‌కి లోకల్ ట్రైన్ ఉంది, రెండున్నర మూడు గంటలు పడుతుంది, ద్రాక్షతోటల మధ్య నుంచి వస్తుంది, బావుంటుంది. సార్లా నుంచి మన ఊరు పన్నెండు కిలోమీటర్లు, ట్యాక్సీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి, స్టేషన్ బయట ఆటోల్లా వరసగా నిలబడి ఉండవు.

అద్దె కారు తీసుకునేవాళ్ళు కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోండి. ఇండియా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ మన ఆర్టీవో ఆఫీసులోనే తీస్కుని రండి. గేర్లు మార్చే కారే ఇక్కడ ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చెయ్యాలి. పెట్రోల్ బంకులో 'గాజోల్' అని ఉంటుంది, అది గ్యాసోలిన్‌లా వినిపిస్తుంది గానీ అది డీజిల్! పెట్రోల్ కారైతే ఎస్పీ95 అని రాసున్న పైపు పట్టుకోండి. రోడ్డుకి కుడివైపు నడపాలి, అది ఒక పూటలో అలవాటైపోతుంది, అలవాటు కానిది 'కుడివైపు వాడికి ముందు దారి' అనే రూల్. ఏ బోర్డూ లేని చోట కుడి పక్క సందులోంచి వచ్చే ట్రాక్టరుకి కూడా మీరు ఆగి దారివ్వాలి, పెద్ద రోడ్డు మీద మీరున్నారు కదా అని దూసుకుపోకూడదు. తెల్ల అంచు ఉన్న పసుపు డైమండ్ బోర్డు కనిపిస్తే అప్పుడు దారి మీది. ఊరి పేరు రాసిన బోర్డు దాటారంటే స్పీడు 50కి దిగిపోవాలి, వేరే స్పీడు బోర్డు ఉండదు, ఆ పేరు బోర్డే స్పీడు బోర్డన్నమాట. అదే పేరు మీద ఎర్ర గీత అడ్డంగా కొట్టి ఉంటే ఊరు అయిపోయినట్టు.

స్టెప్ 3: ఇల్లు తీస్కోండి, హోటల్ కాదు

ఇక్కడ 'జీత్' అని ఉంటాయి, అంటే వంటిల్లుతో సహా మొత్తం ఇల్లు అద్దెకివ్వడం. మనవాళ్ళకి ఇదే కరెక్ట్, కారణం కింద తిండి దగ్గర చెప్తా. జులై ఆగస్టుల్లో శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు, మిగతా నెలల్లో మూడు నాలుగు రోజులకి కూడా దొరుకుతాయి. బుక్ చేసేముందు రెండు అడగండి, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఇస్తారా, ఖాళీ చేసేటప్పుడు ఇల్లు కడిగి ఇవ్వడం మన పనా వాళ్ళ పనా అని. చాలాచోట్ల రెండూ విడిగా డబ్బులు. 'షాంబ్ర్ దోత్' అంటే ఇంటివాళ్ళు తమ ఇంట్లోనే గది ఇచ్చి పొద్దున టిఫిన్ పెడతారు, జంటగా వెళ్ళేవాళ్ళకి అది బావుంటుంది.

లా రోక్-గజాక్‌లోనే దొరక్కపోతే బాధపడకండి, విత్రాక్, సెనాక్, వెజాక్, బేనాక్ ఇవన్నీ ఐదారు కిలోమీటర్లలోనే ఉన్నాయి, నది ఒడ్డున ఏ ఊరైనా ఒకటే. పెద్దవాళ్ళుంటే మాత్రం ఇల్లు గ్రౌండ్ ఫ్లోరా, కారు గుమ్మం దాకా వెళ్తుందా అని అడిగి తీరాలి, ఈ ఊళ్ళన్నీ కొండవాలుకి అతుక్కుని ఉంటాయి.

స్టెప్ 4: తిండి విషయం ముందే సర్దుకోండి

దీన్ని పట్టించుకోకపోతే మిగతా ట్రిప్పంతా పాడవుతుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువే రాస్తా. మేం చేరింది సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి. అందరికీ ఆకలి దంచేస్తోంది, ఊళ్ళో ఒక్క వంటగది కూడా నడవట్లేదు. పల్లెల్లో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు దాకా, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా, అంతే, ఆ మధ్యలో మీరు ఎంత డబ్బిచ్చినా పొయ్యి వెలిగించరు. ఆదివారం మధ్యాహ్నం నుంచి, చాలాచోట్ల సోమవారం కూడా షాపులు మూత. ఆరోజు కారు వెనక సీట్లో అమ్మ తెచ్చిన జంతికలూ అరటిపళ్ళతో గడిపాం, మా పాప అయితే ఏడుపు ఒక్కటే తక్కువ.

శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రాంతం పేరు పెరిగోర్, బాతు మాంసానికీ బాతు కాలేయానికీ ఫేమస్, ఇక్కడ వంటనూనె అంటే చాలాసార్లు బాతు కొవ్వే. మెనూలో 'పొమ్ సార్లాదేజ్' అని ఉంటుంది, వెల్లుల్లీ కొత్తిమీర జాతి ఆకూ వేసి వేయించిన బంగాళాదుంప, చూస్తే మన ఆలూ వేపుడులాగే ఉంటుంది, వాసన కూడా నోరూరిస్తుంది, కానీ వేయించేది బాతు కొవ్వులో. అమ్మ ముద్ద తీసేలోపు మా ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. "సాన్ వియాండ్, సాన్ పుఆసోన్, సాన్ గ్రెస్ ద కనార్" అంటే మాంసం, చేప, బాతు కొవ్వు వద్దు అని, ఇది ఒక కాగితం మీద ఫ్రెంచ్‌లో రాయించుకుని జేబులో పెట్టుకోండి, సర్వర్‌కి చూపిస్తే వాళ్ళే ఏం తినొచ్చో చెప్తారు. మామూలుగా దొరికేవి వేడి మేక చీజ్ పెట్టిన వాల్‌నట్ సలాడ్, ఆమ్లెట్, వాల్‌నట్ కేకు, వేసవి మొదట్లో అయితే పెరిగోర్ స్ట్రాబెర్రీలు. ఆ స్ట్రాబెర్రీల బుట్ట కారులో పెట్టుకుంటే కారంతా వాసనే, మేం నాలుగు రోజుల్లో ఐదు బుట్టలు తిన్నాం.

మిగతా పూటలకి వండుకోవడమే. సార్లాలో పెద్ద సూపర్ మార్కెట్లు ఉన్నాయి, బాస్మతి బియ్యం, పెరుగు, ఎర్ర కందిపప్పు లాంటి మసూర్ పప్పు, టమాటా, వంకాయ అన్నీ దొరుకుతాయి. పోపు గింజలు, సాంబారు పొడి, ఆవకాయ ఇంటి నుంచి తెచ్చుకోండి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలూ మాంసం పచ్చళ్ళూ సూట్‌కేసులో పెట్టకండి, యూరప్‌లోకి వాటిని తేనివ్వరు. పంపు నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. బయట ఫౌంటెన్ దగ్గర 'నోన్ పొతాబ్ల్' అని ఉంటే మాత్రం తాగే నీళ్ళు కాదు.

ఇంకోటి, షాపులోకి వెళ్ళగానే ముందు "బోన్‌జూర్" అనండి, తర్వాత ఏదైనా అడగండి. పలకరించకుండా నేరుగా "ఇదెంత" అంటే ఇక్కడ మొహం మాడ్చుకుంటారు, మన ఊళ్ళో పెద్దాయన ఎదురైతే నమస్కారం పెట్టకుండా పనడిగినట్టే అది. బోన్‌జూర్ అన్నాక మీ ఫ్రెంచ్ ఎంత వచ్చీరానిదైనా వాళ్ళు సాయం చేస్తారు.

స్టెప్ 5: మొదటి రోజు ఊరు చూడండి, గబార్ ఎక్కండి

ఊళ్ళో మొత్తం నాలుగొందల మంది దాకా ఉంటారేమో. కింద నది, నది పక్కన రోడ్డు, రోడ్డు పక్కన తేనెరంగు రాతి ఇళ్ళు రెండు మూడు వరసలు, వాటి నెత్తిన నిటారుగా కొండ. ఆ కొండ దక్షిణం వైపు చూస్తుంది కాబట్టి రోజంతా ఎండ తగిలి వేడి పట్టి ఉంచుతుంది, అందుకే చలి దేశంలో ఇక్కడ మాత్రం తాటి జాతి చెట్లూ వెదురూ అరటీ పెరుగుతాయి. చర్చికి వెళ్ళే సన్నటి సందులో అమ్మ ఆగిపోయింది, చూస్తే అరటి చెట్టు. ఆకుని కొంగుతో తుడిచి, ఈనె దగ్గర వేలితో నొక్కి చూసి, "మనదే రా, కాకపోతే గెల వెయ్యదేమో" అంది. అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు, పారిస్‌లో ఏ మ్యూజియంలోనూ ఆవిడ అంతసేపు నిలబడలేదు.

పైకి చూస్తే కొండ మధ్యలో గుహ లాంటి దాంట్లో కట్టిన పాత కోట గోడలు కనిపిస్తాయి, యుద్ధాలప్పుడు ఊరివాళ్ళు అందులో తలదాచుకునేవాళ్ళు. ఆ కొండ ఇప్పుడు ఎంత అందంగా ఉన్నా 1957 జనవరిలో దాని ముక్క ఒకటి విరిగిపడి ఇళ్ళు నుజ్జయి ముగ్గురు చనిపోయారు. అందుకే రాళ్ళు పడే చోట మూసేసిన దారులు దాటి వెళ్ళకండి, ఫోటో కోసం కూడా. ఊరి చివర గుండ్రటి బురుజున్న ఇల్లు ఒకటుంది, దాన్ని తార్ద్ వాళ్ళ ఇల్లంటారు, ఈ ఊళ్ళో పుట్టిన జాన్ తార్ద్ అనే క్యాథలిక్ ఫాదరు ఆకాశశాస్త్రం పిచ్చితో ఇటలీ వెళ్ళి 1614లో గెలీలియోనే కలిసొచ్చాడు, ఇంత చిన్న ఊరి నుంచి!

సాయంత్రం గబార్ ఎక్కండి. గబార్ అంటే అడుగు బల్లపరుపుగా ఉండే చెక్క పడవ, రైళ్ళు రాకముందు ఎగువ నుంచి వైన్ పీపాలకి ఓక్ చెక్క, ద్రాక్షతోటలకి గుంజలు వీటి మీదే కిందకి బెర్జెరాక్ వైపు వెళ్ళేవి, కింద నుంచి ఉప్పు కూడా పడవల మీదే పైకొచ్చేది. ఇప్పుడు టూరిస్టుల కోసం అదే ఆకారంలో నడుపుతున్నారు, సుమారు గంట ప్రయాణం, ఊరి రేవు నుంచే బయల్దేరుతుంది, ఎక్కడానికి పెద్దగా కష్టం లేదు కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కూడా సరిపోతుంది. నాన్నగారు చిన్నప్పటి నుంచీ గోదావరి చూసిన మనిషి, ఈ నది వెడల్పు చూసి మొదట పెదవి విరిచారు. కాస్త దూరం పోయాక రెండు పక్కలా కొండలు దగ్గరికొచ్చి నీళ్ళ మీద నీడ పడేసరికి "పాపికొండలు" అని ఒక్క మాటన్నారు, తర్వాత దిగేదాకా మాట్లాడలేదు.

స్టెప్ 6: రెండో రోజు కనూ

కనూ అంటే మనమే తెడ్డేసుకుంటూ నడిపే చిన్న పడవ, ఇది ఈ ట్రిప్పులో ప్రాణం లాంటిది, ఈత వచ్చినవాళ్ళు వదులుకోకండి. ఈత రావడం ఇక్కడ సలహా కాదు రూల్, చిన్నపిల్లలకి కూడా అంతే, సాధారణంగా ఐదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. అమ్మానాన్నని ఒడ్డున కాఫీ షాపులో కూర్చోబెట్టి మేం ముగ్గురం వెళ్ళాం.

పద్ధతి ఇలా ఉంటుంది. కనూలు అద్దెకిచ్చే షాపులు నది వెంట చాలా ఉన్నాయి, కారు వాళ్ళ దగ్గర పెడితే వ్యాన్‌లో ఎగువకి తీసుకెళ్ళి పడవతో సహా దింపుతారు, మీరు తెడ్డేసుకుంటూ కిందకి వచ్చి మీ కారు దగ్గరే ఒడ్డెక్కుతారు. కొన్ని షాపులు దీనికి తిరగేసి చేస్తాయి, మీరు ముందు పడవలో వెళ్ళిపోతే కింద నుంచి వ్యాన్ ఎక్కించి తెస్తారు. అలాంటప్పుడు వ్యాన్ టైం కోసం తొందరపడాల్సొస్తుంది, అందుకని మొదటి రకమే అడగండి. సెనాక్ నుంచి బేనాక్ దాకా సుమారు 9 కిలోమీటర్లు, ఆగుతూ ఆగుతూ వస్తే మూడు గంటలు. బాగా అలవాటున్నవాళ్ళు ఇంకా ఎగువన విత్రాక్ నుంచి మొదలుపెడితే దొమ్ అనే ఊరున్న కొండ కింద నుంచి కూడా రావొచ్చు.

లైఫ్ జాకెట్ ఇస్తారు, ఎండగా ఉందని విప్పేసి కాళ్ళ దగ్గర పడెయ్యకండి. నీళ్ళు పోకుండా మూత బిగించే ప్లాస్టిక్ పీపా ఒకటిస్తారు, ఫోన్లూ తాళాలూ తిండీ అందులో. మూత పళ్ళు సరిగ్గా పట్టాయో లేదో ఒడ్డు మీదే తిప్పి తలకిందులు చేసి చూసుకోండి. మేం చూసుకోలేదు, మొదటి మలుపులో మా పాప ఒక పక్కకి ఒరిగేసరికి నీళ్ళొచ్చి శాండ్‌విచ్‌లు తడిసిపోయాయి, ఫోన్ విడిగా కవర్‌లో ఉంది కాబట్టి బతికింది. కాళ్ళకి పాత బూట్లో వెనక పట్టీ ఉన్న చెప్పులో వేస్కోండి, నది అడుగంతా గులకరాళ్ళు, వేసవి చివర్లో నీళ్ళు తగ్గితే పడవ గీసుకుపోయి ఆగిపోతుంది, దిగి తొయ్యాలి. టోపీ, తలా ఒక లీటర్ నీళ్ళు.

ప్రవాహం మెల్లగా ఉంటుంది, తెడ్డు ఆపేసినా నదే తీసుకెళ్తుంది. ముందు కుడివైపు లా రోక్-గజాక్ వస్తుంది, నిన్న కింద నుంచి మెడ ఎత్తి చూసిన ఊరంతా ఇప్పుడు నీళ్ళలో తలకిందులుగా మీ పడవ ముందు ఉంటుంది. తర్వాత కుడివైపే మార్కెసాక్ కొండ, కాసేపటికి ఎడమవైపు కాస్తెల్నో కోట, ఇంకో మలుపు తిరిగితే కుడివైపు ఎత్తున బేనాక్ కోట. ఈ రెండు కోటలకీ పడేది కాదు, వందేళ్ళ యుద్ధంలో బేనాక్ ఫ్రెంచ్ రాజు వైపు, కాస్తెల్నో ఇంగ్లీషు వాళ్ళ వైపు, మధ్యలో ఈ నదే సరిహద్దు. పడవలో కూర్చుని రెండింటి మధ్య నుంచి పోతుంటే ఆ సంగతి ఏ గైడూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. దారిలో గులకరాళ్ళ దిబ్బలుంటాయి, అక్కడ ఆగి తినండి, కాగితాలు ప్లాస్టిక్ మళ్ళీ పీపాలో వేసి తెచ్చేయండి. వంతెన స్తంభాల దగ్గర మాత్రం మధ్యలోంచే పోవాలి, స్తంభానికి దగ్గరగా పోతే నీరు పడవని దానికేసి నెడుతుంది.

స్టెప్ 7: మూడో రోజు అదే నదిని కొండ మీంచి

పొద్దున తెరవగానే మార్కెసాక్ తోటకి వెళ్ళండి, వెజాక్ ఊళ్ళో ఉంది. గుండ్రంగా గొర్రెల మందలా కత్తిరించిన 'బుయి' పొదలు లక్షా యాభై వేలు, అన్నీ చేత్తోనే కత్తిరిస్తారట, 19వ శతాబ్దంలో జూలియన్ ద సెర్వాల్ అనే ఆయన ఇటలీ చూసొచ్చి ఆ మోజుతో పెట్టించాడు. తోట దారులన్నీ కలిపితే ఆరు కిలోమీటర్లు, చివరి వ్యూ పాయింట్ నదికి 130 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ నిలబడితే ఎడమ పక్క లా రోక్-గజాక్, కుడి పక్క బేనాక్, ఎదురుగా కాస్తెల్నో, కింద రంగురంగుల కనూలు చీమల్లా. నిన్న మనం కూడా అలాగే ఉన్నాం అని మా పాప తాతయ్యకి చూపించింది. జులై ఆగస్టుల్లో వెళ్తే గురువారం రాత్రులు ఈ తోటంతా కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఎండాకాలం రద్దీలో వెళ్ళక తప్పనివాళ్ళకి దక్కే మంచి అదొక్కటి.

మధ్యాహ్నం ఒక్క కోటే పెట్టుకోండి, రెండూ వద్దు. పిల్లలుంటే కాస్తెల్నో, అక్కడ మధ్యయుగం నాటి ఆయుధాల మ్యూజియం ఉంది, రాళ్ళు విసిరే పెద్ద పెద్ద యంత్రాలు నిజమైన సైజులో కట్టి గోడ మీద పెట్టారు, సీజన్‌లో నడిపి చూపిస్తారు. పిల్లల్లేకపోతే బేనాక్, నది దగ్గర నుంచి రాళ్ళు పరిచిన సందులో పైకి నడవాలి, చాలా నిటారు, పెద్దవాళ్ళని మాత్రం వెనక రోడ్డు మీంచి కారులో పైదాకా తీసుకెళ్ళండి. కాస్తెల్నోకి దగ్గర్లోనే మిలాండ్ కోట ఉంది, అమెరికాలో పుట్టి ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న నల్లజాతి కళాకారిణి జోసెఫీన్ బేకర్ ఇల్లది. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచ్ వాళ్ళ కోసం రహస్యంగా పనిచేసింది, తర్వాత రకరకాల దేశాల పిల్లలు పన్నెండు మందిని దత్తత తీసుకుని ఇక్కడే పెంచింది, అప్పులపాలై చివరికి ఇల్లు పోగొట్టుకుంది, 2021 నవంబర్‌లో ఆవిడకి దేశం గర్వించే గొప్పవాళ్ళని గౌరవించే పారిస్ పాంథియోన్‌లో చోటిచ్చారు. ఈ కథ అమ్మకి చెప్తే కోట లోపల ఆవిడ వంటగది చూసినంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

నడక ఇష్టమైతే ఈ చుట్టుపక్కల జీఆర్ 64 అనే దూరపు కాలిబాట పోతుంది, చెట్ల మీదా రాళ్ళ మీదా తెలుపు, ఎరుపు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే మీరు కరెక్ట్ దారిలో ఉన్నట్టు. అవే గీతలు ఇంటూ ఆకారంలో ఉంటే అటు పోకూడదు. ఒక్క పసుపు గీతలైతే అవి గంటా రెండు గంటల చిన్న రౌండ్లు, మొదటిసారికి అవే మేలు. వాల్‌నట్ తోటల మధ్య నుంచి పోతాయి, కింద రాలిన కాయలు ఏరకండి, అది రైతు పంట. సెప్టెంబర్ తర్వాత అడవిలో వేట సీజన్, 'షాస్ ఆన్ కూర్' అని బోర్డు కనిపిస్తే వెనక్కి తిరిగి రండి. గడ్డిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక పేలు లాంటి పురుగులు పట్టాయేమో చూడండి, పడితే మందుల షాపులో తీసే చిన్న కొక్కెం అమ్ముతారు. ఏ ఎమర్జెన్సీకైనా 112.

స్టెప్ 8: నాలుగో రోజు గుహలు

ఒక్క రోజు దోర్దోన్ వదిలి పక్కనున్న వెజేర్ లోయకి వెళ్ళండి, పాతిక కిలోమీటర్ల చిల్లర. మనం స్కూల్లో చదివిన క్రోమాన్యాన్ మానవుడు ఉన్నాడే, ఆ ఎముకలు 1868లో దొరికింది ఈ లోయలోని లెజేజి ఊళ్ళోనే. లోయలోని గుహలకి 1979లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఆదిమానవులు గోడల మీద వేసిన బొమ్మలతో పేరుపడ్డ లాస్కో గుహని 1940 సెప్టెంబర్‌లో నలుగురు కుర్రాళ్ళు కనిపెట్టారు, 1948లో జనానికి తెరిచారు, జనం ఊపిరి వల్ల లోపల గాలి చెడి గోడల మీద పాచి పట్టడంతో 1963లో మూసేశారు. ఇప్పుడు మోంతిన్యాక్‌లో చూపించేది 2016లో కట్టిన నకలు. నకలే కదా అని నేనూ అనుకున్నా, కానీ లోపల చీకట్లో తల మీద ఐదు మీటర్ల ఎద్దు కనిపించినప్పుడు ఆ మాట గుర్తు రాలేదు. అసలు బొమ్మలే చూడాలంటే లెజేజి దగ్గర ఫాన్-ద-గోమ్ గుహ ఉంది, రంగుల బొమ్మలున్న గుహల్లో ఇంకా జనాన్ని లోపలికి పంపేవి చాలా తక్కువ, ఇది వాటిల్లో ఒకటి, రోజుకి కొద్దిమందినే పంపిస్తారు కాబట్టి ట్రిప్ ఖాయం కాగానే మొదట కొనాల్సిన టికెట్ ఇదే. నడవలేని పెద్దవాళ్ళుంటే రూఫిన్యాక్ గుహ, లోపలికి చిన్న ఎలక్ట్రిక్ రైల్లో తీసుకెళ్తారు, గోడల మీద మామత్ ఏనుగుల బొమ్మలు. నాన్నగారికి అదే నచ్చింది. లోపల ఎండాకాలంలో కూడా 13 డిగ్రీలే, స్వెటర్ మర్చిపోకండి. మూడూ ఒకేరోజు పెట్టుకోకండి, రెండు చాలు, మధ్యలో లెజేజిలో భోజనం పన్నెండున్నరకల్లా.

స్టెప్ 9: తిరుగు ప్రయాణం శనివారం పడేలా చూస్కోండి

సార్లాలో బుధవారం, శనివారం సంత. పాత రాతి వీధుల నిండా బల్లలు పరిచి వాల్‌నట్లు, మేక చీజ్, తేనె, కూరగాయలు అమ్ముతారు. పొద్దున తొమ్మిదికల్లా వెళ్ళిపోండి, పదిన్నర దాటితే పార్కింగ్ దొరకదు. పాత చర్చి ఒకదాన్ని మార్కెట్‌గా మార్చారు, దానికి పెద్ద పెద్ద ఇనప తలుపులు పెట్టింది ఇక్కడే పెరిగిన ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్, గోపురంలో గాజు లిఫ్టు ఎక్కితే పైనుంచి సార్లా రాతి కప్పులన్నీ కనిపిస్తాయి. ముందురోజు సాయంత్రం గంట మిగిలితే దొమ్ ఊరికి కూడా వెళ్ళిరండి, 1281లో రాజు కట్టించిన కోట ఊరు, ఆ గోడ మీంచి నది వంపు మొత్తం కనిపిస్తుంది.

ఇంటికి తీస్కెళ్ళాల్సింది వాల్‌నట్ నూనె. గానుగలో కొద్దిగా వేయించి పిండుతారు, సలాడ్ కోసం అమ్ముతారు గానీ అమ్మ వేడి అన్నంలో కందిపొడి కలుపుకుని దీన్ని రెండు చుక్కలు వేస్కుంది, ఇంకో సీసా కొనమంది. వేడి చేస్తే చేదెక్కుతుంది, పోపుకి వాడొద్దు. విమానంలో చేతి బ్యాగులో పెట్టనివ్వరు, కాబట్టి సీసాని తువ్వాల్లో చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి, ఇంటికెళ్ళాక మూత తీసినది ఫ్రిజ్‌లో.